నూట ఎనిమిది వాట్ల సీమంతం

మా ఆయన కనిపెట్టిన గాజులు నాలుగు వేసుకుంటే చేతి మీద పెట్టిన సెల్‌ఫోను ఛార్జి అవుతుంది. మూడు డజన్లు వేసుకుంటే ఏమవుతుందో ఆయన నోటిలెక్కన చెప్పేశారు. ఆ లెక్క తప్పని తేలేసరికి మా ఆడపడుచు ఒళ్ళు పెనంలా కాలుతోంది, కడుపులో బిడ్డ పెరగడం మానేసింది.

ముందు ఈ గాజుల సంగతి చెప్పాలి. మా ఆయన పేరు గౌరీపతి. కాకినాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. నేనూ ఆ ఫిజిక్సులోనే బి.ఎస్సీ. చేశాను. ఆయన డాక్టరేటు దాకా వెళ్ళారు. ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం వేసేది నేనే. కాలేజీ వెనక, సైకిల్ స్టాండు పక్కన, ఒకప్పుడు క్యాంటీను సరుకులు పెట్టుకున్న గదిని ఆయనకు ప్రయోగశాల కింద ఇచ్చారు. వాన పడితే ఇప్పటికీ అందులో కందిపప్పు వాసన వస్తుంది. ఆ గదిలో ఏళ్ళ తరబడి ఏవేవో పొడులు కాల్చి, నూరి, మళ్ళీ కాల్చి, చివరికి బూడిదరంగు పొడి ఒకటి తయారు చేశారు. దాన్ని కలిపి గాజు పోత పోస్తే, ఆ గాజు మనిషి చర్మాన్ని తాకినంతసేపూ ఒంట్లోంచి కరెంటు లాగి తనలో దాచుకుంటుంది. ఎలా లాగుతుందని అడిగితే ఆయన గంటన్నర చెబుతారు. నాకు అర్థమైంది ఇంతే. మనం తిన్న అన్నాన్ని ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు, కాళ్ళు, చేతులు ఎవరి వాటా వాళ్ళు పుచ్చుకుంటున్న చోటికి ఇదీ ఒక గిన్నె పట్టుకుని వచ్చి నిలబడుతుంది.

ఉంగరం చేయొచ్చు, కళ్ళజోడు కాడలు చేయొచ్చు, మొగవాళ్ళ వాచీ పట్టీ చేయొచ్చు. గాజులే ఎందుకని అడిగాను. ఆడవాళ్ళు వాటిని ఎలాగూ తీయరు కదా అన్నారు, అదేదో ప్రకృతి సూత్రమైనట్టు.

మొదట వేసుకున్నది నేను. చేతికి రెండు చొప్పున నాలుగు. మణికట్టుకు వాచీలాంటి మీటరు ఒకటి కట్టారు. అది పన్నెండు వోల్టులు, ఒక ఆంపియరు చూపించింది. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే గాజుల నిరోధం, పన్నెండు ఓంలు. గుణిస్తే శక్తి, పన్నెండు వాట్లు. ఆయన ఆ రోజు సైకిల్ స్టాండులో కనబడిన ప్రతి మనిషికీ ఈ భాగహారం, గుణకారం చేసి చూపించారు. ఆ నెలంతా నాకు ఒంట్లో కొంచెం వెచ్చగా ఉండేది, పూటకో ముద్ద అన్నం ఎక్కువ తినేదాన్ని, అయినా జాకెట్లు వదులయ్యాయి. సాయంత్రాలు నడవడం వల్ల అనుకుని సంతోషించాను. ఏ ఆడమనిషీ సన్నబడితే శాస్త్రీయ విచారణ జరిపించదు.

ఈ కబురు హైదరాబాదులో ఒక విద్యుత్ కంపెనీ చెవిన పడి, అక్కడి నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. మా ఇంట్లోనే టిఫిను. దేశంలో కోట్లమంది ఆడవాళ్ళు ఇళ్ళల్లో ఖాళీగా కూర్చుని ఉంటారనీ, వాళ్ళ ఒంట్లోని శక్తి అంతా వృథాగా పోతోందనీ అతను చాలా బాధపడ్డాడు. ఆ సమయానికి నేను మూడో వాయి పెసరట్టు తిరగేస్తున్నాను. ఇంటికొక గాజుల పెట్టె ఉచితంగా ఇస్తారట, ఆ ఇంటి లైట్లూ ఫోన్లూ ఆ ఇంటి ఇల్లాలే చూసుకుంటుందట. నాలుగు గాజులతో పన్నెండు వాట్లంటే ముచ్చటగానే ఉంది గానీ, జూన్‌లో మళ్ళీ వస్తాననీ, అప్పటికి ఒక మనిషి మీద వంద వాట్లు చూపిస్తే సంతకాలు పెట్టుకుందామనీ చెప్పి, అల్లం పచ్చడి ఇంకాస్త అడిగి వేయించుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆడపడుచు సువర్చల పురిటికి వచ్చింది. ఆమె భర్త ప్రభాకరం సముద్రంలో చమురు తవ్వే రిగ్గు మీద పని చేస్తాడు. నెల రోజులు నీళ్ళ మీద ఉంటే నెల రోజులు నేల మీద ఉంటాడు. మొదటిసారి కడుపు అయిదో నెలలో పోయింది. ఈసారి ఏడో నెల వచ్చిందనేసరికి మా అత్తగారు వెంకటరత్నమ్మగారు వీధివీధంతా పిలిచి సీమంతం పెట్టారు. మాలో సీమంతానికి పేరంటాళ్ళు తలా రెండు గాజులు తొడుగుతారు. అలా తొడిగినవి పురుడు వచ్చేదాకా తీయకూడదు, చిట్లితే ఆ లెక్కకు మళ్ళీ తొడగాలి.

ఈ మాట మా ఆయన చెవిన పడింది. ఆయన ముఖం అలా వెలగడం నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు. సీమంతానికి గాజులు తను ఇస్తానన్నారు. నాలుగు గాజులకు పన్నెండు వాట్లయితే ముప్పై ఆరు గాజులకు తొమ్మిది రెట్లు, నూట ఎనిమిది వాట్లు. ఆ అంకె వినగానే మా అత్తగారు చేతులు జోడించారు. అష్టోత్తరం కుదిరింది, ఇంక పిల్లకి భయం లేదన్నారు. అలా ఒకరు గుణకారానికీ, ఒకరు అంకెకూ మురిసిపోతుంటే, నేను శనగలు నానబోసే హడావిడిలో ఉన్నాను. నాకూ అనుమానం రాలేదు. ఎక్కువ గాజులకు ఎక్కువ కరెంటు అనేది వినడానికి ఎంత బాగుంటుందో చూడండి.

సీమంతం నాటి పొద్దున, గాజులు తొడగకముందు, ఆయన సువర్చల చేతికి మీటరు ఒక్కటే కట్టి చూసుకున్నారు. ఇరవై నాలుగు వోల్టులు. నాకూ అంతే వచ్చింది, అందరికీ అంతే వస్తుందట. ఆ తర్వాత పేరంటాళ్ళు పాడుతూ ఒకరి తర్వాత ఒకరు తొడిగారు. మధ్యాహ్నానికి మోచేతుల దాకా గాజులు. మీటరు చూసి ఆయన పెదవి విరిచారు. రెండు పాయింటు నాలుగు వోల్టులు, ఒకటి పాయింటు ఎనిమిది ఆంపియర్లు. గుణిస్తే నాలుగు వాట్లు చిల్లర. నూట ఎనిమిది ఎక్కడ, నాలుగు ఎక్కడ. గాజుల బట్టీవాడు పొడి తక్కువ కలిపాడని వాడికి ఫోను చేసి కేకలేశారు. ఆ తర్వాత మీటరు మార్చారు, మార్చిన మీటరునూ తిట్టారు.

సువర్చలకు వారం తిరగకుండానే వేడి మొదలైంది. జ్వరం కాదు, థర్మామీటరు కొంచెమే ఎక్కువ చూపేది, కానీ పక్కన కూర్చుంటే పొయ్యి దగ్గర కూర్చున్నట్టుండేది. మే నెల, కాకినాడ, ఉక్క. దాంతో అందరూ ఎండ మీద తోసేశారు. వచ్చినవాళ్ళంతా కడుపుతో ఉన్నవాళ్ళకు వేడి చేయడం మామూలేనని చెప్పి సబ్జాగింజలు, బార్లీ నీళ్ళు, మజ్జిగ తెచ్చి తాగించారు. ఆమె అవన్నీ తాగేది. రెండు పళ్ళేల అన్నం తినేది. తిన్నది ఎక్కడికి పోతోందో తెలియదు, బుగ్గలు లోపలికి పోయాయి.

తెచ్చినవాళ్ళు ఊరికే వెళ్ళేవాళ్ళు కూడా కాదు. వీధిలో కరెంటు తీసేసినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి, ఒక్క పావుగంట పెట్టుకుంటామని మొహమాటంగా అడిగి, సువర్చల చేతి మీద ఫోను ఆనించేవారు. ఒక రోజు నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది, రెండు చేతుల పొడుగునా అయిదు ఫోన్లు, పొట్ట మీద ఒకటి. పొట్ట మీది దాని సంగతేమిటని అడిగితే, చేతుల మీద చోటు ఖాళీ అయ్యేదాకా దాన్ని అక్కడ ఉంచమన్నారట. అందులో ఒకటి మోగింది కూడా. నేను ఎత్తి, ఈ ఫోను గలవారు ప్రస్తుతం ఒక గర్భిణి మీద విశ్రాంతి తీసుకుంటున్నారని చెప్పి పెట్టేశాను. మా అత్తగారికి కోపం వచ్చింది, వీధిలో మాట వస్తుందని.

డాక్టర్ మేరీ కమల గారు స్కాను చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బిడ్డ బరువు నెల క్రితం ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉందన్నారు. కదలికలు తగ్గాయి. థైరాయిడ్ చూశారు, మలేరియా చూశారు, ఏదీ లేదు. ఇలాగే ఇంకో పది రోజులు సాగితే నెలలు నిండకుండానే బయటికి తీయాలనీ, ఈ బరువుతో తీస్తే బతుకుతుందని తను మాట ఇవ్వలేననీ నాకు విడిగా చెప్పారు. గాజుల గురించి ఆవిడకు చెప్పాను. ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, మీ ఆయన ఏమంటున్నారని అడిగారు. గాజులు బాగా పని చేయడం లేదంటున్నారని చెప్పాను. అంత తక్కువ కరెంటు ఏం చేస్తుంది, అది కారణం కాకపోవచ్చన్నారు. నేనూ ఆటోలో ఇంటి దాకా అదే అనుకుంటూ వచ్చాను. నాలుగు వాట్లు. రాత్రి వేసుకునే జీరో బల్బు కూడా అంతకంటే ఎక్కువ తింటుంది.

మర్నాడు సువర్చల స్నానాలగదిలో తూలి గోడకు చెయ్యి ఆనించింది. గాజులు మూడు చిట్లాయి. నేను చేతికి గుచ్చుకున్న ముక్కలు తీస్తూ అలవాటు కొద్దీ మీటరు చూశాను. నాలుగున్నర దాటింది. ముందు రోజు నాలుగు పాయింటు మూడు. మా అత్తగారు అప్పటికప్పుడు పెట్టె తెరిచి మూడు కొత్తవి తొడిగారు. మీటరు మళ్ళీ నాలుగు పాయింటు మూడు.

పొయ్యి కట్టేసి, చెప్పులేసుకుని, నేను కాలేజీకి వెళ్ళాను.

మా ఆయన ప్రయోగశాలలో గాజుల కట్టలు విప్పుతున్నారు. బట్టీ నుంచి ఇంకో డజను తెప్పించారట, సాయంత్రం చెల్లెలికి తొడిగితే లోటు పూడుతుందట. నేను తలుపు దగ్గరే నిలబడి, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి తర్వాత ఆ డజను తొడగమన్నాను. గాజులు తగ్గితే శక్తి తగ్గాలి గదా, పొద్దున మూడు చిట్లితే ఎందుకు పెరిగింది?

మీటరు తప్పన్నారు. రెండు మీటర్లూ ఒకేలా తప్పుతాయా అన్నాను. గాజులు కొత్తవి గదా, సర్దుకోవడానికి టైము పడుతుందన్నారు. అవి కొత్త కోడళ్ళు కావన్నాను. అప్పుడు ఆయన చేతిలో కట్ట కింద పెట్టి, సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళారు. ఆయనలో నాకు నచ్చేది అదొక్కటే. నా మాట వినరు గానీ, బోర్డు చెబితే వింటారు.

ఒక్కో గాజుకు నలభై ఎనిమిది ఓంలు. అన్నీ ఒకే ఒంటిని తాకుతున్నాయి కాబట్టి పక్కపక్కన కట్టిన లెక్క, అంటే గాజులు పెరిగిన కొద్దీ మొత్తం నిరోధం తగ్గుతుంది. ముప్పై ఆరింటికి ఓమున్నర కూడా లేదు. మీటరు చూపిన వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే అదే వచ్చింది. బట్టీవాడిది తప్పు లేదు. అక్కడిదాకా ఆయన చకచకా రాశారు. తర్వాత సుద్ద ఆగింది.

గాజులు లేనప్పుడు ఇరవై నాలుగు వోల్టులు. గాజుల దగ్గర రెండు పాయింటు నాలుగు. మిగిలిన ఇరవై ఒకటి పాయింటు ఆరు ఎక్కడికి పోయాయని ఆయన బోర్డునే అడిగారు. దాన్ని ఒకటి పాయింటు ఎనిమిదితో భాగించారు. పన్నెండు. చుక్క తర్వాత ఏమీ మిగలకుండా పన్నెండు ఓంలు.

"ఈ పన్నెండు ఎక్కడివి? సర్క్యూట్లో గాజులు తప్ప ఇంకేం లేదే."

"సువర్చల ఉంది," అన్నాను.

టార్చిలైటు సెల్లుకు కూడా లోపలి నిరోధం ఉంటుందనీ, కరెంటు ఎక్కువ లాగితే సెల్లు లోపలే కాలిపోతుందనీ ఈ మనిషి ప్రతి ఏడూ మొదటి సంవత్సరం పిల్లలకు చెబుతారు. పరీక్షలో ఆ ప్రశ్న ఇస్తారు, రాయనివాళ్ళకు సున్నా వేస్తారు. సెల్లు స్థానంలో చెల్లెలు ఉండేసరికి ఆ పేజీ ఆయనకు గుర్తు రాలేదు. నేనూ ఆ పేజీ చదివినదాన్నే, మార్కులు తెచ్చుకున్నదాన్నే. నా జాకెట్లు వదులైనప్పుడు నాకూ గుర్తు రాలేదు.

ఇరవై ఒకటి పాయింటు ఆరును ఒకటి పాయింటు ఎనిమిదితో గుణించడానికి ఆయనకు మామూలుగా బోర్డు అక్కర్లేదు. ఆ రోజు కింద గీత గీసి, ఒక్కో అంకె దించుకుంటూ చేశారు. ముప్పై తొమ్మిది వాట్లు, ఇంచుమించు. గాజులకు చేరుతున్నది నాలుగు. అందుకోసం సువర్చల ఒంట్లో ముప్పై తొమ్మిది కాలుతోంది. కదలకుండా పడుకున్న మనిషి బతకడానికి మొత్తం ఖర్చయ్యేదే ఎనభై.

పాత నలభై వాట్ల బల్బు వెలుగుతుండగా ఎప్పుడైనా ముట్టుకున్నారా అని అడిగాను. అది ఇప్పుడు మీ మేనల్లుడి పక్కన వేలాడుతోందని చెప్పాను. ఆయన కొత్త డజనును డబ్బాలో పెట్టి మూత వేశారు, మూత పడిందో లేదో రెండుసార్లు నొక్కి చూశారు.

తప్పు తెలిసింది గనక ఇంటికి వెళ్ళి గాజులు తీసేస్తే అయిపోతుందని ఆయన అనుకున్నారు. ఆడవాళ్ళు ఎలాగూ తీయరన్న సూత్రం తనదేనని ఆయనకు గుమ్మం దాటాక గానీ గుర్తు రాలేదు. మా అత్తగారు మంచానికి అడ్డంగా కూర్చున్నారు. పురుడు రాకుండా నిండు చేతులు బోసి చేస్తారా అన్నారు. ఆయన వోల్టుల గురించి చెబితే, మొన్న నువ్వే నూట ఎనిమిది అన్నావు, ఇవాళ నువ్వే ముప్పై తొమ్మిది అంటున్నావు, రేపు ఏమంటావో ఎవరికి తెలుసన్నారు. ఆవిడ తర్కంలో నాకేమీ లోపం కనబడలేదు.

అత్తగారిని ఎలాగో దాటవచ్చు. సువర్చలే చేతులు రెండూ పొట్ట కిందికి దాచుకుంది. ఆమెకు లెక్క అర్థమైంది. కామర్సు చదివింది, పైకి చూపిన జమకు తొమ్మిదింతలు లోపల ఖర్చు అంటే ఆమెకు ఒకసారి చెబితే చాలు. అర్థమయ్యాకే దాచుకుంది.

"పోయినసారి గాజుల దాకా రానేలేదు వదినా. ఇవి చేతికి ఉన్నాయంటే ఇది నిలుస్తుందని పట్టుకుని ఉన్నాను. తీసిన మర్నాడు ఏదైనా అయితే నేను ఎవర్ని అనుకోవాలి? మిమ్మల్నా, గాజుల్నా?"

రిగ్గు మీద ఉన్న ప్రభాకరానికి ఫోను చేస్తే గాలి హోరులో అతనికి సగమే వినబడి, ఏదైనా సరే సువర్చల ఎలా అంటే అలా చేయమన్నాడు. మగవాళ్ళు సముద్రం మీద ఉన్నప్పుడు ఎంత చక్కగా మాట్లాడతారో.

తీయకుండా కరెంటు ఆపాలి. ముందు గాజులకూ చర్మానికీ మధ్య పాత చీర పీలికలు చుట్టాను. మీటరు పడిపోయింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం, పావుగంటలో పీలికలు చెమటకు తడిసి మీటరు మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. ఉప్పునీళ్ళు కరెంటును ఎంత బాగా మోస్తాయో కూడా ఆయన పిల్లలకు చెబుతారు. ప్లాస్టిక్ కాగితం చుడితే చర్మం పొక్కింది. అద్దం ముందు నిలబడి ఆలోచిస్తుంటే సువర్చల గోళ్ళరంగు సీసా కనబడింది. ముదురు ఎరుపు. ఎండితే నీరు పట్టదు, కరెంటు పట్టదు.

గాజు లోపలివైపు రంగు వేస్తే దోషమా అని మా అత్తగారిని అడిగాను. ఆవిడ పెద్దలు చెప్పినవి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. తీయకూడదన్నారు గానీ, పగలగొట్టకూడదన్నారు గానీ, రంగు వేయకూడదని తనకు ఎవరూ చెప్పలేదన్నారు. పైగా ఎరుపే కదా అన్నారు. సువర్చల చేతులు బయటికి తీసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాం. నేను ఒక్కో గాజునూ పైకెత్తి పట్టుకుంటే ఆయన లోపలివైపు చుట్టూ రంగు వేసేవారు. మా అత్తగారు విసనకర్రతో ఆరబెట్టేవారు. ఆ ఇంట్లో మేం ముగ్గురం ఒకే పని మీద కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన కుంచె పట్టుకోవడం చూస్తే నాకు విసుగెత్తింది. పరమాణువుల్ని పొరలు పొరలుగా పేర్చే చెయ్యి, సువర్చల మోచేతికీ నా చీరకూ రంగు పూసింది. నేను వేస్తానంటే ఇవ్వలేదు.

ఎండిన గాజు ఒక్కోటీ లెక్కలోంచి పోతుంటే మీటరు పెరగసాగింది. రంగు వేయనివి ఇరవై నాలుగు మిగిలేసరికి ఆరు వాట్లకు దగ్గరగా వచ్చింది. డజను మిగిలేసరికి తొమ్మిది. మా అత్తగారికి అది మంచి శకునంలా తోచింది. మా ఆయన మాత్రం అంకె చూసినప్పుడల్లా కుంచె కాస్త నెమ్మది చేస్తున్నారు. నేను గమనించాను. సువర్చల ఒంటి వేడి తగ్గుతోంది, అది చేత్తోనే తెలుస్తోంది, ముఖం మీద చెమట ఆరింది. ఆయన కళ్ళు ముఖం మీద లేవు.

నాలుగు మిగిలాయి. పన్నెండు వోల్టులు, ఒక ఆంపియరు, పన్నెండు వాట్లు. కుంచె ఆగిపోయింది.

ఇక్కడ ఆపుదామన్నారు. ఏ మనిషి ఒంట్లోంచైనా ఇంతకు మించి రాదట, బయటి నిరోధం లోపలి నిరోధానికి సమానమైన చోట శక్తి శిఖరం మీద ఉంటుందట. వంద రాదు, ఎప్పటికీ రాదు, కానీ పన్నెండు చూపించినా కంపెనీవాళ్ళు పూర్తిగా కాదనరన్నారు. మరి లోపల ఎంత అని అడిగాను. లోపలా పన్నెండే. సగం మనకు, సగం దాని ఒంట్లో. అయితే రెండు ఉంచుదామన్నారు. బయట పది దాటుతుంది, లోపల అయిదు చిల్లరే. నేను గాజు ఎత్తి పట్టుకునే ఉన్నాను. పోనీ ఒక్కటి ఉంచుదామన్నారు. బయట ఏడున్నర, లోపల రెండు వాట్లు కూడా ఉండదు, దోమ కుట్టినంత. కొత్తిమీర కట్ట దగ్గర కూడా ఈయన ఇలా బేరం ఆడరు, అడిగినంత ఇచ్చి వస్తారు. ఇన్నేళ్ళ చాకిరీ, ఇందూ, అని నా వంక చూశారు. ఆ మాట నిజమే. ఆ పప్పు వాసన గదిలో ఆయన జుట్టు నెరవడం నేను చూశాను. అందుకే ఆ ఒక్కదాని జోలికి వెళ్ళలేదు. మిగతా మూడు గాజులకూ మాత్రం ఒప్పించి రంగు వేయించాను.

ఆఖరి గాజు సువర్చల ఎడమ చేతికి ఉంది. ఆమె దాన్ని చూసుకుంది, మీటరు చూసింది, తర్వాత వాళ్ళ అన్నయ్యను చూసింది.

"ఆ ఒక్కటీ ఎవరి కోసం అన్నయ్యా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగింది. ఆయన జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. కంపెనీ కోసం అనవచ్చు, దేశం కోసం అనవచ్చు, శాస్త్రం కోసం అనవచ్చు. ఆ మూడూ ఆ పెద్దమనిషి మా ఇంట్లో పెసరట్టు తింటూ అన్నవే. మా ఆయన కుంచె సీసాలో ముంచి, అంచుకు రాసి, ఆ గాజు లోపల చుట్టూ రంగు వేశారు. ఆ ఒక్క గాజుకే రంగు పక్కలకు అంటలేదు.

ఆరాక మీటరు చూశాం. ఇరవై నాలుగు వోల్టులు. సున్నా ఆంపియర్లు. గుణిస్తే ఏమొస్తుందో మా అత్తగారు కూడా చెప్పగలరు.

జూన్‌లో వచ్చేవాళ్ళకు ఏం చూపిస్తారని అడిగాను. బోర్డు చూపిస్తానన్నారు, బయటిదీ లోపలిదీ రెండు అంకెలూ పక్కపక్కన రాసి. వాళ్ళు మొదటిది రాసుకుని రెండోది తుడిచేస్తారన్నాను. లోపల కాలేది వాళ్ళ బిల్లులో పడదు మరి. తుడవనివ్వనన్నారు. పొడి ఎలా కాల్చాలో తన తలలో తప్ప ఇంకెక్కడా లేదని, అది అక్కడే ఉంటుందని అన్నారు. నమ్మాలో లేదో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, ఆ రోజు ఆయన గోళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి, ఆ చేతులతో అబద్ధం చెప్పడం కష్టం.

"చలేస్తోంది వదినా," అంది సువర్చల. "కప్పుకోవడానికేమైనా ఉందా?"

మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి, కాకినాడలో. మా అత్తగారు విసనకర్ర కింద పడేసి కళ్ళొత్తుకున్నారు. మా ఆయన లేచి దుప్పట్లు ఎక్కడుంటాయని అడిగారు. ఇదే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. వెతుక్కోమన్నాను. బీరువాలు తెరిచిన చప్పుళ్ళు, ఏదో కింద పడిన చప్పుడు వినిపించాయి. చివరికి అటక మీది పెట్టెలోంచి కలరా ఉండల కంపు కొట్టే ఉన్ని రగ్గు ఒకటి మోసుకొచ్చి చెల్లెలికి మెడదాకా కప్పారు. ఆమె అప్పటికే నిద్రలోకి జారుతోంది.

పొట్ట మీద రగ్గు చిన్నగా కదిలింది. ఆగి, మళ్ళీ కదిలింది, ఈసారి గట్టిగా.

అలవాటు కొద్దీ ఆయన మీటరు కోసం చూశారు. దాన్ని నేను అప్పటికే విప్పేసి కొంగులో ముడేసుకున్నాను.